పూలు తొక్కకు, ఆర్లో

అలాస్కా, జూన్ నెల. పెరట్లో ‘మరవకు’ (ఫర్గెట్-మీ-నాట్) పూలమడిలో భూతద్దంతో బోర్లా పడుకుని ఆర్లో. వంటింటి కిటికీలో అతని భార్య విల్మా. గేటు దగ్గర గుర్రంకన్నా ఎత్తున ఒక ఆడ మూస్ దుప్పి.

"చెవులు వెనక్కి పెట్టిందా, విల్మా? కోపమొస్తే అలా పెడుతుందంటారు."

"తల తిప్పకు. పూలకేసి చూడు."

"చెవుల సంగతి అడిగాను."

"పెట్టింది. కొంచెం."

"కొంచెమేంటి? పెడితే పెడుతుంది, లేకపోతే లేదు."

"గొంతు తగ్గించు. భూతద్దం చేతిలోనే ఉందిగా, మొదలెట్టిన పని కానియ్యి."

"గేటు దగ్గర మూస్ ఉంది. దాన్ని చూడ్డానికి భూతద్దం అక్కర్లేదు. లేచి పరుగెడతాను."

"వద్దు."

"మూస్ వస్తే పరుగెత్తాలి. కదలకుండా ఉండాల్సింది ఎలుగుబంటి వస్తే. ఒకటో తరగతి పిల్లలక్కూడా తెలుసు."

"నాకూ తెలుసు. నువ్వు మాత్రం లేవకు."

"ఎందుకని?"

"పూలు తొక్కుతావు."

"ఏమన్నావు?"

"సాయంత్రం తోటసంఘం వాళ్లొస్తున్నారు. పక్కింటి వెర్నా కూడా వస్తోంది. ‘మన రాష్ట్ర పువ్వు, అసలు సిసలు కొండ మరవకు’ అని బోర్డు రాసింది నువ్వే."

"నేను పోతే అదే బోర్డు సమాధికి పెట్టించు. ముందంతా చెరిపేస్తే ‘మరవకు’ మిగులుతుంది."

"పెట్టిస్తాలే. నీలం రేకులూ, మధ్యలో పసుపు కన్నూ కొండదానికీ, కొట్లో దానికీ కూడా ఉంటాయి, వాటిని చూడకు. పువ్వు కింద పచ్చ గిన్నె ఉంటుంది. దానిమీద నూగెలా ఉంది?"

"అది పెదాలు నాక్కుంటోందా? నాక్కుంటే మీద పడుతుందంటారు."

"నూగు, ఆర్లో."

"ఉంది. తెల్లగా."

"గిన్నెకి అతుక్కుని వెండిపూత పూసినట్టుందా? విడిగా నిలబడి, కొసలు కొక్కేల్లా వంగి ఉన్నాయా?"

"భూతద్దం ఒకచోట నిలవట్లేదు. రెండూ కనిపిస్తున్నాయి."

"మెల్లగా చూడు. అతుక్కుని ఉంటే కొండది. ఎక్కువ కొక్కేలుంటే కొట్లో అమ్మే కలుపు. ఊళ్లో సగంమంది దాన్నే పెంచుకుని రాష్ట్ర పువ్వని మురిసిపోతున్నారు."

"మనమూ ఆ సగంలో ఉంటే?"

"ఉండం. ఈ మడికి కంకర బస్తాలు ఎవరు మోశారు?"

"నేనే. నా నడుం అప్పుడే పోయింది."

"కొండమొక్కకి వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు, అందుకే కంకర. అది తెలీక వెర్నా పేడ ఎరువు పోసి... కదలకు."

"కదల్లేదు. నా బూటు మీద ఏదో పడింది."

"గొట్టం."

"బరువుగా ఉంది."

"నీళ్లున్నాయి అందులో."

"వెచ్చగా ఉంది, విల్మా."

"ఎండకి కాగింది. మొక్క ఎంత ఎత్తుంది? జానెడు లోపేనా?"

"అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అది లోపలికొచ్చిందా?"

"జానెడు లోపేనా అని అడిగాను."

"జానెడే. కాదు, ఇంకొంచెం ఎక్కువే. వచ్చేసింది కదూ?"

"వస్తోంది."

"గిన్నెలు వాయించు. తలుపు దడదడ బాదు. ఏదో ఒకటి చెయ్యి."

"చెయ్యను."

"బెదిరి పూలు తొక్కేస్తుందనా?"

"అవును. పూలు తొక్కేస్తుందనే. మొహం పూలల్లో పెట్టి వాసన చూడు. కొండదైతే సాయంత్రం పూట తేనె వాసనొస్తుంది."

"ఇంకా సాయంత్రం కాలేదు."

"అయినా చూడు. ఆర్లో, నేనిక్కడే ఉన్నాను. కిటికీ దగ్గరే."

"అదేంటి, అలా మాట్లాడుతున్నావు?"

"ష్."

"విల్మా?"

"ష్."

"దాని ఊపిరి నా మెడకి తగుల్తోంది."

"పూలు చూడు. పూలే చూడు."

"చూస్తున్నాను. చూస్తున్నాను. వెళ్లిందా?"

"వెళ్తోంది. గేటు దాటింది. రోడ్డెక్కింది. ఇప్పుడు లే. లోపలికి రా."

"వచ్చాను. తలుపు గడియ పెట్టు, ఆ కుర్చీ ఇలా లాగు. కొక్కేలే, విల్మా. నిండా కొక్కేలే. నీది కొట్లో కలుపే."

"అవునా."

"వెర్నాకి నేనే చెప్తాను. మొగుడు పోయినా పర్లేదు, కలుపు మాత్రం నలక్కూడదనుకుంది మా ఆవిడ అని."

"చెప్పు."

"బోర్డు పీకేస్తాను."

"పీకెయ్."

"పోట్లాడవేం? కాఫీ కప్పులో పొయ్, బల్ల మీదంతా పోస్తున్నావు. నాలుగు పూలు నలిగితే ఇంత కంగారా?"

"కిటికీలోంచి మడి చూడు."

"చూశాను. నేను పడుకున్నంత మేరా చాపలా అణిగిపోయింది. నా కాళ్ల దగ్గర ఆ ఇంకో గుంటేంటి, గుండ్రంగా? అక్కడ నేను పడుకోలేదే."

"దాని పిల్ల పడుకుంది. నీ బూటు మీద తల పెట్టుకుని."