కరెంటు పోయిన క్లాసు

కలకత్తాలో ఓ సాయంకాలపు కాలేజీ. కొత్త లెక్చరర్ ఫిజిక్సు పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని విన్న సీనియర్ మేడమ్, అతనితో కలిసి మెట్లు దిగుతున్నారు.

“మేడమ్, నా పాఠం ఎలా ఉందండీ?”

“మొదటి సగం కాయితాల్లోంచి తలెత్తనేదు నువ్వు. పిల్లలంతా ఆవలించినారు.”

“రెండో సగం నా తప్పు కాదండీ. లోడ్ షెడ్డింగ్! చీకట్లో కాయితాలు కనబడక, వానలో ట్రాం తీగ దగ్గర నిప్పురవ్వలు ఎందుకొస్తాయో తోచినట్టు చెప్పేశాను.”

“అప్పుడు ఒక్కడైనా లేచి ఎల్లిపోయినాడేటి? చప్పట్లు కూడా కొట్టినారు.”

“నిజమే! అయితే నన్ను ఉంచమని ప్రిన్సిపాల్ గారితో చెబుతారా?”

“పొద్దున్నే చెప్తాను.”

“మరి రేపు కరెంటు పోకపోతే?”

“రేపు కూడా ఎనక బెంచీలోనే కూకుంటాను బాబూ. స్విచ్చి ఉన్నది అక్కడే.”