నా మొహం పెట్టుకుని వచ్చిందట!

ఆగాగు. తలుపు తొయ్యకు. ఎంత తోసినా రాదు. అక్కడే నిలబడి ఇంకొక్కసారి చెప్పు. ఏం వచ్చిందీ? ఎవరి మొహం పెట్టుకుని?

నా మొహమా!

అబ్బో! ఇన్నేళ్ళ తర్వాత ఊళ్ళోకి దిగి, కట్టుకున్నదానికి తొకుజో గారు చెప్తున్న మాట ఇదన్నమాట. మబ్బు పట్టిన రోజున సముద్రంలోంచి తొమొకజుకి భూతం లేచిందట. అచ్చం పెళ్ళాంలా ఉందట. పాపం, ఈయన పెళ్ళామే అనుకుని పడవలోకి లాక్కున్నాడట. ఆ తర్వాత ఏదీ ఈయన చేతుల్లో లేదట!

సరే. ఆ భూతం సంగతి ఈ షిమా తీరంలో చిప్పల కోసం మునిగే ఆడదాన్ని ఎవర్నడిగినా చెప్తుంది. నీకు రాదు కాబట్టి నేనే చెప్తాను, కుదురుగా విను.

అది మబ్బు రోజున వస్తుంది. నీళ్ళ అడుగున మనలాగే మునిగిన ఇంకో ఆడదానిలా కనిపిస్తుంది. నవ్వుతుంది. ఇంత పెద్ద అవాబి చిప్ప తీసుకోమని చూపిస్తుంది. ఆశపడి చెయ్యి చాచామా, లోతుకి లాక్కుపోతుంది. అంతే దాని పని. అర్థమైందా? అది పడవలెక్కదు. ఎక్కి ఊళ్ళో మొగుళ్ళతో కాపరాలు చెయ్యదు!

పోనీ, ఎక్కిందే అనుకుందాం. నా తలగుడ్డ మీద నల్లదారంతో నక్షత్రం ఉంటుంది కదా? అది అందానికా? మొదలెట్టిన చోటికే దారం తిరిగొచ్చేలా ఒక్క గీతలో కుడతాం, మునిగిన మనిషి కూడా అలా తిరిగి రావాలని. భూతానికి అది చేతకాదు. పడవలో తాడు పట్టి పెళ్ళాన్ని పైకి లాగే ప్రతి మొగుడికీ పెళ్ళిలోనే చెప్పి పెడతారు, ముందు నుదురు చూడు, తర్వాత మొహం చూడు అని. చూశావా నువ్వు?

ఏమిటీ? ఎండ కళ్ళల్లో పడిందా? ఇందాక మబ్బన్నావు!

అయ్యో రాత! అబద్ధం కూడా సరిగ్గా అల్లుకు రాలేదు.

ఇంకో సంగతి. నువ్వు తాగి ఇంటికొస్తే ఆ భూతం నీ మొహాన చన్నీళ్ళు కొట్టిందా? కొట్టలేదూ? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా? మరి అది నేను కాదని అప్పుడైనా అనుమానం రాలేదూ, మొద్దు మనిషీ!

దాని పేరు నేను చెప్పనా? హత్సుయే. పక్క రేవులో వలలు బాగుచేసే మనిషి. నువ్వు మాయమైన రోజే ఆవిడా మాయమైంది. ఊరంతా చూస్తూనే ఉంది. అయినా నా మొహం చూసి, నిన్ను సముద్రం మింగిందిలే అన్నారు. మంచివాళ్ళు.

నవ్వొస్తోంది నాకు. నవ్వుకోనీ కాసేపు.

ఒక్కదానికి మాత్రం నవ్వు రాదు. ఆ రోజు నేను అడుగున ఉన్నాను. నడుముకి బరువు, నడుముకి తాడు. ఊపిరి అయిపోయి తాడు గుంజాను. నేను గుంజితే నువ్వు లాగాలి. అంతకంటే ఏం అడిగాను నిన్ను, కాపరం మొత్తంలో? మళ్ళీ గుంజాను. తాడు మెత్తగా, చుట్టలు చుట్టలుగా దిగొచ్చి నా మీద పడింది.

బరువు కోసుకుని పైకొచ్చాను. పడవ లేదు.



తర్వాత పూజారి వచ్చి మంత్రాలు చదివాడు. చచ్చినవాళ్ళకి పెట్టే పేరు నీకూ పెట్టాడు. అది రాసిన చెక్క ముందు రోజూ అన్నం పెడుతున్నాను. ప్రతి వేసవీ నీ పేరున నీళ్ళలో దీపం వదులుతున్నాను. సిగ్గులేని దీపం, ఒక్కసారీ ఆరిపోలేదు.

ఏమంటున్నావు? మళ్ళీ తాడు పట్టుకుంటావా?

ఆశ లేదనను. తాడు పట్టే మనిషి లేక ఒడ్డు పక్కనే తొట్టి తేలేసుకుని, బొటనవేలంత చిప్పలు ఏరుకుంటున్నాను. లోతు చూసి ఎన్నాళ్ళయిందో! నువ్వుంటే మళ్ళీ పెద్ద అవాబి దొరుకుతుంది. తెలుసు నాకు.

అయినా వద్దు. ఎందుకో చెప్తాను. నీ కథ నేను నమ్మేస్తున్నాను కాబట్టి. నా రూపంలో రాగలిగింది నీ రూపంలో మాత్రం ఎందుకు రాలేదు? మా ఆయన పోయాడు. చెక్క మీద పేరుంది. మరి నా గుమ్మంలో నిలబడి ఎండ అంటున్నదీ మబ్బు అంటున్నదీ ఎవరు? ఒక్క కేక వేశానంటే, ఒడ్డున ఉన్న ఆడవాళ్ళంతా చిప్పలు పెకలించే ఉలులు పట్టుకుని వస్తారు. వెయ్యనా?

అదీ. బుద్ధిగా దిగు మెట్లు.

నేను నిన్ను నిజంగా భూతమనుకున్నాననుకునేవు, ఆ తృప్తి కూడా నీకెందుకు? సందు మలుపులో నీ దగ్గు వినగానే నువ్వేనని తెలిసిపోయింది. తెలిసి, పాడు చేతులు, రెండో గిన్నెలో కూడా టీ పోసేశాయి. ఇంతసేపూ నీతో వాగుతుంటే అది కాస్తా చల్లారిపోయింది.

కిటికీలోంచి పారబోస్తున్నాను. పక్కకి జరుగు.