పదిహేడో నెంబరు పంచి

అదేటి బావా, ఆ సేపల సంచి గుమ్మంలో ఎట్టీసి ఉలుకూ పలుకూ నేకుండా కూకున్నావు? జాలరిపేట ఎల్లి మరీ వంజరం తెచ్చినావంటే ఎందుకో నాకు తెలీదేటి? మీ సెల్లి సిలకమ్మ అప్పుడే కత్తిపీట ఎక్కీసింది. అన్నయ్య వచ్చినాడని దాని ముఖం సేటంత అయిపోనాది. నాకు మాత్రం ఆ ముక్క గొంతు దిగదు. ముందే సెప్తన్నాను.

నువ్వు అడగవు, నాకు తెలుసు. ఒక్క మాట అడగవు. ఊరికే అలగ కూకుంటావు, నీకు అదే అడగడం.

గాలిటాంకీ వెల్డింగు జాయింటు పనికిరాదని నాను కొట్టీసినానని యార్డంతా తెలిసిపోనాది. "ఇనిస్పెట్టరయినాక అప్పలసూరి బావమరిదికి కొమ్ములొచ్చినాయి, సొంత బావ ఏసిన జాయింటే తప్పంటన్నాడు" అని కేంటీన్లో అనుకుంటన్నారు. అననీ. మళ్ళీ ఫెయిలయితే నీ వెల్డరు కార్డు తీసీస్తానని పెద్దింజినీరు మొన్ననే సెప్పీసినాడు కదా. రేప్పొద్దున్న నాను సంతకం ఎడితే టాంకీ స్టీలుప్లాంటుకి ఎల్లిపోతాది. ఎట్టకపోతే నీ కార్డు పోతాది. ఈ వంజరం అందుకే వచ్చింది, అవునా?

నన్ను ఈ పనిలో ఎట్టింది ఎవుడు బావా? నువ్వే. మీ సెల్లిని సేసుకున్న కొత్తలో, దుక్కి దున్నడం తప్ప ఏటీ రానోణ్ణి, చోడారం నుంచి లాక్కొచ్చి వెల్డింగు హోల్డరు సేతిలో ఎట్టినావు. "సూడ్డమే కాదురా, ఇను" అనీవోడివి. ఆర్కు సరిగ్గా నిలబడితే సేపముక్క నూనెలో ఏగినట్టు సౌండొస్తాది, అది తప్పిందంటే సెయ్యి తప్పినట్టే అనీవోడివి. ఆ సౌండు నా సెవుల్లో ఇప్పటికీ ఉన్నాది.

ఇనిస్పెట్టరు పరీచ్చకి ఎల్లమన్నదీ నువ్వే. నాను క్లాసుకి ఎల్తే నా షిఫ్టు కూడా నువ్వే సేసినావు. నాను పాసైన్నాడు యార్డులో జిలేబీ పంచింది నాను కాదు, నువ్వు. నీకే వచ్చినట్టు గంతులేసినావు. ఇలాంటి రోజు ఒకటొస్తాదని అప్పుడు మనిద్దరికీ తోచలేదు.

మరి నీకేటయింది? పైన సూస్తే జాయింటు ఎప్పట్లాగే సుబ్బరంగా ఉన్నాది. లోపల, అడుగున, రెండు ప్లేట్లూ కలవనే నేదు. నీళ్ళు నింపి ప్రెజరెక్కిస్తే ఆ పూటకి ఆగుతాదేమో. తరవాత? షిఫ్టోళ్ళు ఆ టాంకీకే ఈపు ఆన్చుకుని కేరేజీలు ఇప్పుతారు. ఆళ్ళలో సగం మంది మన ఊళ్ళోళ్ళే.

అశ్రద్ధ సేసినావు బావా. అంతే. పేరుంది కదాని ఒళ్ళు ఒంచడం మానీసినావు. నీ మీన నాకెప్పుడూ రాని కోపం వచ్చింది ఇయాల. అది కూడా సెప్పీసినాను, సరిపోనాది.

నమ్మవేటి? ఇదిగో, ఎక్సరే ఫిలిం తెచ్చినాను. అక్కడ అందరి ముందూ నీకు సూపించడానికి మనసొప్పక ఇంటికి పట్టుకొచ్చినాను. ట్యూబులైటు కాడికి రా. పట్టుకో. నడిమద్దిన ఆ నల్లగీత సూసినావా?

ఏటీ? గీత నేదా? సుబ్బరంగా ఉన్నాదా?

బావా, నాతో ఆటలొద్దు. కత్తిపీట కాణ్ణుంచి మీ సెల్లికి కూడా కనబడతన్నాది అది. సూడు, సేప వదిలీసి ఎలగ సూస్తన్నాదో.

ఉండు. కదపకు. ఫిలిం అలగే ఉంచు.

తిరగేసి పట్టుకున్నావు బావా. కింద తెల్లగా కనబడీ సీసం అంకెలు నీ నెంబరే, పదిహేడు. ఏసిన ప్రతి జాయింటు పక్కనా ఇనప పంచి ఎట్టి సుత్తితో కొట్టీ నెంబరు. మీ అమ్మ ఎట్టిన పేరుకంటే దాంతోనే నిన్ను ఎక్కువ పిలిసినారు. ఆ ఒకటీ ఏడూ అద్దంలో సూసినట్టు తిరగబడి ఉంటే నువ్వు కనిపెట్టలేదేటి?

నాకేసి సూడు.

అది గోడ బావా.

ఓరి దేముడా. ఎప్పుడూ సైకిలు తొక్కుకుంటూ వచ్చీవోడివి, ఇయాల నీ పెళ్ళాం, మా అప్ప అసిరమ్మ భుజమట్టుకుని వచ్చినావు. మోకాలు నొప్పనుకున్నాను. ఒంటింట్లో అప్ప ఎందుకు ఏడుస్తన్నాది? ఉల్లిపాయలకి కాదా? దానికి తెలుసా? నాకు తప్ప అందరికీ తెలుసా?

ఎన్నాళ్ళబట్టి? సెప్పవు. నీకు సెప్పడం రాదు.

ప్లేట్లు అతికించడానికి సిన్న టాకాలు ఏసీటప్పుడు ముఖానికి స్క్రీన్ అడ్డెట్టుకోమంటే నవ్వీవోడివి. స్క్రీనెట్టుకుంటే టైము దండగ, రెప్ప మూసుకుని ఏసీవోడే వెల్డరు అనీవోడివి. ఇంటికొచ్చి కళ్ళ మీన బంగాళాదుంప సెక్కలేసుకుని పడుకునీవోడివి. మేమూ అదే మొగతనం అనుకుని అలగే సేసినాం. నాను పరీచ్చకి ఎల్లి తప్పించుకున్నాను. నువ్వే పంపినావు.

అంటే ఇన్నాళ్ళూ జాయింట్లు సెవుల్తో ఏస్తన్నావు. పై వరసకి సౌండు సాలు, సెయ్యి దారి దానికే తెలుసు. అడుగు వరసకి కళ్ళు గావాల కదా బావా. ఆ సందు సూసుకోకుండా ఎలగ ఏస్తావు?

నిజం సెప్పీమంటావా? నువ్వు అశ్రద్ధే సేసుంటే బాగుణ్ణని ఉన్నాది నాకు. అదయితే నాలుగు తిట్టి, మళ్ళీ ఏయించి, ఆదివారం మీ ఇంటికొచ్చి భోంచేసీవోణ్ణి. ఇప్పుడు ఎవుణ్ణి తిట్టాల?

రేపు ఆ జాయింటు కోయిస్తాను. సంతకం ఎట్టను. నీ కార్డు పోతాది. ఆ తరవాత కళ్ళాసుపత్రికి తీసుకెల్తాను. పొర అయితే తీసీస్తారంట. పొర కాకపోతే ఏటో నాకు తెలీదు. నువ్వు ఎట్టిన అన్నమే ఇప్పటికీ తింటన్నాను బావా. తింటూనే నీ కంచం లాగీస్తన్నాను. ఈ ఉద్యోగం ఇలగుంటాదని తెలిస్తే ఆ క్లాసుల గుమ్మం తొక్కీవోణ్ణి కాదు.

కాదులే. తొక్కీవోణ్ణే. అబద్ధం ఎందుకు?

ఒక పని సెయ్యి. నీ సొక్కా జేబులో ఆ పంచి ఉన్నాది కదా. రేపు పెద్దింజినీరు అందరి ముందూ అది ఇచ్చీమంటాడు. నువ్వు జేబు తడుముకుంటుంటే నాను నిలబడి సూడనేను. ఇప్పుడే నాకిచ్చీ. ఇంట్లో మనిసికి ఇచ్చినట్టుంటాది.

తీసినావా? ఊఁ, ఇలగియ్యి.

అటు కాదు బావా. నా సెయ్యి ఇక్కడున్నాది.