నిప్పుకోడి పక్కన పరుగు

హలో… వదినా, నేనే, కుసుమకుమారిని.

లేదు లేదు, ఏడవట్లేదు… గొడవా? ఆఁ, చిన్నదే. నీళ్ళ గ్లాసు ఎడం పక్కన పెట్టానని మీ తమ్ముడు కంచం ముందు అలిగి కూర్చున్నారు… నవ్వకు. ఆ కోపం గ్లాసు మీద కాదు, నాకు తెలీదా?

నీ మేనకోడలు ఆశ్రిత ఏటి చేస్తన్నాది?… డాబా మీద పరిగెడతన్నాదా? మీ డాబా ఎంతుంటాది వదినా, పది అంగలేస్తే పిట్టగోడ తగుల్తాది.

కానిస్టేబుల్ పరుగుకి ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి. పదహారు వందల మీటర్లు. మీ వీధంతా ఎగుడూ దిగుడూ. జూలో రోడ్డయితే చదునుగా, చెట్ల నీడన, బళ్ళ గోల లేకండా ఉంటాదని వాకింగ్ పాసు తీయించింది నువ్వే కదా!… జీబ్రాల కాడ మొదలెట్టి నీటిగుర్రం కాడికి ఎంతసేపట్లో వెళ్ళిందో రోజూ ఫోన్ చేసి చెప్పేది. ఇంకో పన్నెండు సెకన్లు తగ్గితే చాలమ్మా అన్నాది…

చూశాను. ఆ వీడియో నేనూ చూశాను. కంచె లోపల నిప్పుకోడి, బయట మన పిల్ల. రెండూ పరిగెడతంటే ఎవడో సెల్లులో తీసి పెట్టాడు. కింద రాసిన మాటలు… వద్దు, నా నోటితో అనలేను.

బజార్లో మీ తమ్ముడికి చూపించి మరీ నవ్వారట. అప్పట్నుంచీ ఒకటే మాట — రేపెళ్ళి దాన్ని తీసుకొచ్చేస్తాను, పరుగూ వద్దు, పోలీసూ వద్దు అని.

ఏటీ?… నువ్వూ అదే అంటన్నావా?

పరువు సంగతి సరే. తీసినోడెవడో గానీ, రోజూ దర్జాగా ఆ రోడ్డు మీదే నడుస్తానే ఉంటాడు. పరిగెట్టిన పిల్లకి మాత్రం మనం తలుపేశాం… నిన్ను కాదు వదినా. నన్ను కూడా కలిపే అంటన్నాను.

…అన్నం తినట్లేదా? ఎప్పట్నుంచి?… మూడు రోజులైతే నాకిప్పుడా చెప్పడం!

…ఒక్కదాన్నీ పంపాలంటే భయమా. నిజమే… నాకు మాత్రం లేదా?

ఉండు. పెట్టేయకు.

— ఏవండీ, అలిగితే అలిగారు, వినండి. అత్తయ్యా, మీరూ. రేపు ఆశ్రిత కోసం ఎవరూ వెళ్ళక్కర్లేదు. మొదటి బస్సుకి నేనే విశాఖ వెళ్తన్నాను. టెస్టయ్యేదాకా వదిన దగ్గరే ఉంటాను. ఎల్లుండి జూ గేటు తీసేసరికి ఇద్దరం అక్కడుంటాం. అది పరిగెడతాది. వెనకాల నేను నడుస్తాను…

నన్నూ తీస్తారా? తీయనీయండి.

…వంటా? పొయ్యి వెలిగించడం మీకు తెలుసు. పులుసులో ఉప్పెంతో అత్తయ్య చెప్తారు.

…అడగట్లేదండీ. చెప్తన్నాను.

వదినా, విన్నావు కదా?… ఏడవకు. ఉంటాను మరి, బట్టలు సర్దుకోవాలి.