ప్రతి అంతస్తుకీ ఒక పళ్లెం

అది కాదండీ, లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందో లెక్కపెట్టుకుంటూ కూర్చునే మనిషితో ఎలా వేగను చెప్పండి! అదే, మన లియోంటీనా. కింద వాటాలో తలుపు ఓరగా తీసుకుని కూర్చుంటుంది. మీరు పోయి నాలుగేళ్లయింది గానీ ఆవిడకి చెముడు మాత్రం రాలేదు!

ఉండండి, ముందు ఈ కొవ్వొత్తి వెలిగించనీండి. పాడు గాలి... హమ్మయ్య.

ఏవండీ, కోప్పడకుండా వినాలి మరి. ఆరో అంతస్తులో వాలేరియన్ లేడూ, ట్రాము నడిపేవాడు? మంగళవారం మంగళవారం వెళ్లి ఓ గంట కూర్చుంటున్నా. పేకాటకండీ! నిజంగా పేకాటకే.

రెండో వారానికే లియోంటీనా పట్టేసింది. "ఏం ఎఫ్రోసీనా, ఆరులో గాలి బాగా తగులుతోందా?" అంది మెట్ల దగ్గర, నలుగురిలో. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి!

మీ మేనకోడలు ఇలింకా పాలిటెక్నిక్‌లో ఏదో యంత్రాల్లో రహస్యాలు దాచే పరిశోధన చేస్తోందిగా. దాని చదువంతా ఇదేనట! "అత్తా, బయట కూర్చున్నవాళ్లకి కొన్ని చప్పుళ్లే వినబడతాయి. వాటిని పట్టుకునే లోపలి గుట్టు లాగుతారు. గుట్టున్న రోజూ, లేని రోజూ ఒకేలా వినబడిందనుకో, ఇక ఏం తేల్చుకుంటారు? ఉత్తుత్తి చప్పుళ్లు కలిపెయ్" అంది.

కలిపానండీ! రోజూ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి సర్మాలె వండడం, అన్ని అంతస్తుల్లోనూ లిఫ్టు ఆపి తలా ఓ పళ్లెం ఇవ్వడం. రోజుకో ఇంట్లో గంటసేపు కూర్చోవడం. ఎనిమిదో అంతస్తు గ్రిగోరేగారి మూత్రపిండంలో రాయి కథ మూడుసార్లు విన్నాను! క్యాబేజీ ఆకులు చుట్టీ చుట్టీ వేళ్లు కొంకర్లు పోయాయి.

లియోంటీనా చిక్కిపోయింది పాపం. "ఎవరికోసమే ఇదంతా?" అని చెయ్యి పట్టుకుని బతిమాలింది. గెలిచాననుకున్నా.

పోయిన మంగళవారం వాలేరియన్ ముక్కలు కింద పెట్టేశాడు. "ఎఫ్రోసీనగారూ, మీది దొడ్డ మనసు. బిల్డింగులో ముసలాళ్లందర్నీ ఒకేలా చూస్తారు. అందులో నేనొకణ్ని, మీకెందుకు శ్రమ? వచ్చే నెల సుచావాలో మా అన్న దగ్గరికి పోతున్నా" అన్నాడు.

విన్నారా! లియోంటీనా కళ్లుగప్పబోయి ఆయన కళ్లే కప్పానండీ. ఆయనకి మాత్రం ఏం కనబడింది? అందరికీ వెళ్లిన పళ్లెమే, అందరింట్లో కూర్చున్న గంటే. వారం రోజులు ముద్ద దిగలేదు నాకు.

ఇవాళ పొద్దున ఏమీ వండలేదు. నీలం గౌను వేసుకుని, కిందిదాకా దిగి, లియోంటీనా చూస్తుండగా లిఫ్టెక్కి ఆరు నొక్కాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆయన తలుపు తీసి నా చేతులకేసి చూశాడు.

"పళ్లెం లేదా?"

"లేదు."

చెవులదాకా ఎర్రబడ్డాడండీ, డెబ్భై ఏళ్ల మనిషి!

సుచావా ప్రయాణం మానుకున్నాడు. ఆదివారం లియోంటీనా వస్తుంది, వాళ్లాయన సమాధి మీ వెనక వరసలోనేగా. ఆవిడ గొంతు మీకు తెలిసిందే. అది వినేలోపు నా నోటితో నేనే చెబుదామని పరిగెత్తుకొచ్చా.

కోపమొచ్చిందా? వస్తే రానీండి. అక్కణ్నుంచి ఏం చేస్తారు లెండి!