గోరంత ముక్క

బందరులో కంప్యూటర్ సామాన్ల కొట్టు. కృత్తివెన్ను నుంచి మొదటి బస్సుకే వచ్చిన ఆమె, కొట్టతను చూపిస్తున్న వైర్‌లెస్ కీబోర్డు, మౌసు వంక కన్నెత్తి కూడా చూడలేదు.

"నాకు వైరున్నవే ఇవ్వండి."

"అవిప్పుడెవరు కొంటున్నారమ్మా? ఇదిగో, ఈ గోరంత ముక్క కంప్యూటర్‌కి గుచ్చితే చాలు, రెండూ పనిచేస్తాయి."

"ఇంట్లో ఉన్నవి ఇలాంటివేనండీ. మా ఆయన ఆ ముక్క పీకి జేబులో వేసుకుని రొయ్యల చెరువుకి పోతాడు."

"మర్చిపోయి తీసుకెళ్తారేమో!"

"ఆయనా అదే అంటాడు. నాకు ఇంట్లోంచి చేసే ఉద్యోగం వచ్చాకే ఆయనకి మతిమరుపొచ్చింది. తొమ్మిదింటికల్లా లాగిన్ అవ్వాలి. ఈ నెల్లో నాలుగుసార్లు తప్పింది. ఇంకోసారైతే తీసేస్తామన్నారు."

"మీ అత్తగారికి చెప్పకపోయారా?"

"చెప్పాను. చెరువు చూసుకునే మగాడికి సవాలక్ష ఆలోచనలు, నువ్వే జాగ్రత్తగా దాచుకోవాలి అన్నారు."

కొట్టతను గొంతు తగ్గించాడు.

"వైరున్నా ఒకటేనమ్మా. కోపమొస్తే కత్తిరించి పారేస్తారు."

"కత్తిరించనీండి. తెగిన వైరు చూశాక, మర్చిపోయాడని ఎవరూ అనలేరుగా."