తప్పెటగుళ్ళు ఆపించిన మనిషి

పెద్దలకు, మా నౌపడ ఊరివాళ్లకు, ఎంతో దూరం నుంచి వచ్చిన వైమానికదళ మిత్రులకు నమస్కారం. ముందు వరసలో మా మేనత్త తవిటమ్మ ఉంది. అత్తా, నీ కొడుకు గురించి నీ ఎదుట ఇలా మాట్లాడాల్సి వస్తుందనుకోలేదు. మా ధర్మేంద్ర బావ, మన వింగ్ కమాండర్, మొన్న గుండె ఆగి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర ఫ్లెక్సీ చూశారు కదా. 'మృత్యువును జయించిన వీరుడు' అని ఉంది. ప్రేమతోనే కట్టాం. ఇరవై ఏళ్లుగా ప్రేమతోనే ఆ మాట అంటున్నాం. అది విన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో ఒక్కరమైనా చూశామా?

రాజస్థాన్‌లో ఆయన నడుపుతున్న యుద్ధవిమానానికి గద్ద తగిలింది. ఉన్న ఒక్క ఇంజనూ ఆగిపోయింది. కింద పట్నం. విమానాన్ని ఇసకనేల వైపు తిప్పి, ఆఖరి క్షణంలో సీటు పిడి లాగి, పారాచూట్‌తో బయటపడ్డాడు. ఆ కుదుపుకి వెన్నుపూస నలిగింది. ఆస్పత్రి నుంచి ఊరొస్తే, రైలు దిగిన కొడుకుని ఎగాదిగా చూసి అత్త, "ఒరే, అంగుళం తగ్గిపోనావేటిరా" అంది. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

అక్కణ్ణుంచి ఊరేగింపు పెట్టాం. జీపు, దండలు, తప్పెటగుళ్ళు. సగం దారిలో దిగిపోయి, తప్పెట వాయిస్తున్న మా ఊరి దాలయ్య చెయ్యి పట్టుకుని, "మావా, ఆపీ. సాలు" అన్నాడు. నడుం నొప్పనుకున్నాం. మర్నాడు అత్త మొక్కు తీర్చడానికి శ్రీకూర్మం తీసుకెళ్తే గుడి బయటే నిలబడిపోయాడు. అలసటనుకున్నాం. ఏదో ఒకటి అనుకున్నాం గానీ, ఏటైంది బావా అని అడిగామా?

నడుం కుదిరాక మళ్లీ విమానం ఎక్కాడు. చాలా ఏళ్లు కుర్ర పైలట్లకు నేర్పాడు. "మ్యాపులో తెల్లగా ఉన్నంత మాత్రాన అక్కడ మనుషుల్లేరనుకోకండి" అనేవాడట. ఈ పొద్దున ఆయన శిష్యుడొకరు చెప్పారు.

ఈ బడిలోనే, ఇదే వేదిక మీద, ఒక పాప అడిగింది, ఎంతమంది శత్రువుల్ని చంపారు సార్ అని. "శత్రువుని ఒక్కర్నీ సంపలేదమ్మా" అని చెప్పి కూర్చుండిపోయాడు. ఎంత వినయమో అని చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

పోయిన వేసవిలో ఉప్పుమళ్ల గట్టు మీద నడుస్తూ నాతో చెప్పాడు. ఎవరూ లేని ఆ విమానం గాల్లోనే మళ్లి, ఇసకలో ఒక చిన్న పల్లె మీద పడింది. డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్న ఒకావిడ చనిపోయింది. విచారణలో ఆయన తప్పేమీ లేదని తేల్చారు. కానీ ఏటా ఆ ఇంటికి వెళ్లేవాడు. "ఎల్తే టీ ఇచ్చారే. తిట్టుంటే బాగుణ్ణు" అన్నాడు. తర్వాత, "మీరు నా కోసం కొట్టిన కొబ్బరికాయలు ఆళ్ల గుమ్మంలో పగిలినట్టుండేదే" అన్నాడు.

నీ తప్పు లేదు బావా అన్నాను. అందరూ అన్న మాటే. ఆయన తలూపి, మాట మార్చేశాడు. ఆ మాట అనకుండా ఊరికే పక్కన నడిచి ఉంటే ఇంకాస్త చెప్పుకునేవాడేమో. తప్పు లేదన్న మాట ఓదార్పో, తలుపు మూయడమో నాకిప్పటికీ తెలీదు.

అత్తా, నీ మొక్కులో తప్పు లేదు. కొడుకు బతికొస్తే ఏ తల్లి మొక్కు తీర్చదు? కానీ మనందరి సంబరంలో చనిపోయిన ఆవిడకి చోటు లేకపోయింది. చోటివ్వాల్సింది మనం. ఆ బరువు ఆయనొక్కడే మోశాడు, మనం దండలు వేస్తూ వచ్చాం.

ఆవిడ పేరు ధాపూబాయి. ఈ ఊళ్లో ఆ పేరు బయటికి అనడం ఇదే మొదలు. జేజేలొద్దు, చప్పట్లొద్దు. ఆ ఇద్దరి కోసం లేచి, కాసేపు మౌనంగా నిలబడదాం. లేవలేనివాళ్లు కూర్చునే ఉండండి. అత్తా, నా చెయ్యి పట్టుకో. లే.